క్రిస్మస్ పాటను అర్థంతో పాడటం – మూడో పాఠం: మాటను విరిచి చూడండి

కిందటి పాఠంలో పాటను రాగం లేకుండా, ఎవరికో ఉత్తరం చదివి వినిపించినట్టు చదవమన్నాను. ఆ పని చేసినవాళ్లకు ఒక ఇబ్బంది ఎదురై ఉంటుంది. రాగం ఉన్నంతసేపూ నోటికి హాయిగా తిరిగిన మాటలు, రాగం తీసేసరికి అర్థం కావు. ఈసారి అలాంటి మాటల పని పడదాం.

డిసెంబర్ వచ్చిందంటే మన విశాఖపట్నంలో గాజువాక నుంచి పాతపట్నం దాకా ఇళ్ల మీద స్టార్లు వెలుగుతాయి. చర్చి యూత్‌వాళ్లు ఇంటింటికీ వెళ్లి క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్‌కి బయల్దేరతారు. ఒక్క రాత్రిలో ఎన్నో ఇళ్లకు వెళ్లాలి కాబట్టి టెన్షన్ అంతా టైము గురించే. పాట మొదలైందో లేదో ప్రార్థన, ఆ వెంటనే పక్కవీధి. ఆ హడావిడిలో మాట గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఆ పని ముందే ఇంట్లో కూర్చుని చేసుకోవాలి. ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఎడమ పేజీలో పాట చరణం రాయండి. కుడి పేజీలో మాటల్ని విరిచి రాయండి. కింద బైబిల్ వచనం రాసుకోవడానికి రెండు గీతలు ఖాళీగా ఉంచండి.

మొదటి అభ్యాసానికి 'శుద్ధరాత్రి' పాట తీసుకుందాం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో దాని మొదటి చరణం 'శుద్ధరాత్రి! సద్ధణంగ నందఱు నిద్రపోవ' అని మొదలవుతుంది. ఈ 'సద్ధణంగ' అనే మాటను నేను చిన్నప్పటి నుంచీ పాడాను. అర్థం మాత్రం పెద్దయ్యే దాకా ఎవరినీ అడగలేదు. ఒకరోజు మా అమ్మమ్మ చెప్పింది: "పిల్లలు పడుకున్నాక ఇల్లు సద్దుమణిగింది అంటాం కదరా, అదే ఇది." ఇప్పుడు విరిచి చూడండి. సద్దు, అణంగన్, అందఱు. 'అణంగన్' చివరి నకారం వెళ్లి 'అందఱు'కి అతుక్కుని 'నందఱు' అయింది. చప్పుడు అణగిపోగా, అందరూ నిద్రపోగా అని అర్థం. తర్వాత వచ్చే 'మేల్కొనగాఁ బరిశుద్ధుఁడౌ'లోనూ ఇలాంటి చిక్కే ఉంది. అక్కడున్నది 'పరిశుద్ధుడు' అనే మాటే. ముందున్న అరసున్న వల్ల 'ప' కాస్తా 'బ' అయింది.

మాట విడింది కదా, ఇప్పుడు దానికి బైబిల్లో వచనం వెతకండి. లూకా సువార్త రెండో అధ్యాయం తెరవండి. ఏడో వచనంలో సత్రంలో స్థలం లేక బిడ్డను తొట్టిలో పడుకోబెట్టారని ఉంది. అందరూ నిద్రపోయారని మాత్రం లూకా ఎక్కడా రాయలేదు. పైగా ఎనిమిదో వచనంలో గొల్లలు మెలకువగా ఉన్నారు, రాత్రివేళ మందను కాచుకుంటున్నారు. అంటే 'అందరూ నిద్రపోవ' అన్నది కవి ఊహ. అది తప్పని నేను అనను. లోకం నిద్రలో ఉండగా దేవుడు వచ్చాడనీ, ఆ కబురు ముందుగా అందింది రాత్రి పని చేసేవాళ్లకేననీ ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నాకు అర్థమైంది. మన ఊళ్లో స్టీల్ ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు, ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ చేసే నర్సులు, తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో పనిలో దిగేవాళ్లు ఉన్నారు. లూకా చెప్పే గొల్లలు వాళ్లలాంటి మనుషులే. కేరల్స్‌కి వెళ్లే ఇళ్ల లిస్టులో అలాంటి ఇల్లు ఒక్కటైనా ఉందేమో చూసుకోండి.

ఈ పాట జర్మన్ భాషలో పుట్టింది. జోసెఫ్ మోర్ అనే యువ ఫాదర్ 1816లో మాటలు రాశాడు. 1818 డిసెంబర్ 24న ఫ్రాంజ్ గ్రూబర్ బాణీ కట్టాడు. అదే రాత్రి ఆస్ట్రియాలోని ఓబెర్న్‌డార్ఫ్ చర్చిలో ఇద్దరూ కలిసి గిటార్ మీద పాడారు. ఆ బాణీలో ఉయ్యాల ఊపు ఉంటుంది. మన తెలుగు చరణం కూడా 'దివ్య నిద్ర పొమ్మా' అంటూ బిడ్డతోనే మాట్లాడుతుంది. అంటే ఇది జోలపాట. దీనికి కీబోర్డులో బీట్ పెట్టి, డ్రమ్స్ మోగించడం నాకు బాధగా ఉంటుంది. ఈ ఒక్క పాటకైనా వాద్యాలు ఆపి, గొంతు తగ్గించి పాడండి.

రెండో అభ్యాసానికి 'దూత పాట పాడుడీ' తీసుకోండి. దీని ఇంగ్లిష్ మూలాన్ని 1739లో చార్లెస్ వెస్లీ రాశాడు. దేవుడికీ పాపులకూ మధ్య సఖ్యత కుదిరిందని మొదటి చరణంలోనే అంటాడు. తెలుగులో ఆ చోట 'భూజనంబు కెల్లను సౌఖ్యసంభ్ర మాయెను' అని ఉంది. విరిస్తే భూజనంబుకు, ఎల్లను, సౌఖ్యసంభ్రమము, ఆయెను. భూమ్మీది జనమంతటికీ సంతోషం కలిగిందని. ఇది లూకా 2:10కి దగ్గర. అక్కడ దూత ప్రజలందరికీ కలగబోయే మహా సంతోషం గురించి చెబుతాడు. వెస్లీ చెప్పిన సఖ్యత కావాలంటే 14వ వచనానికి వెళ్లాలి. అక్కడ భూమి మీద 'సమాధానము' అని ఉంది. మనం రోజూ ప్రశ్నకు జవాబు అనే అర్థంలో వాడే మాటే అది. బైబిల్లో దాని అర్థం శాంతి, తగవు తీరడం. చర్చికి కొత్తగా వచ్చినవాళ్లకు ఈ తేడా తప్పకుండా చెప్పాలి. లేకపోతే దూతలు ఏ ప్రశ్నకు సమాధానం చెప్పారా అని వెతుక్కుంటారు.

లూకా సువార్తను తెలుగులోకి తెచ్చే పని మన ఊళ్లోనే సాగిందన్నది కూడా గుర్తుంచుకోండి. 1805లో లండన్ మిషన్‌కు చెందిన మిషనరీలు క్రాన్, డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకున్నారు. ఇక్కడే అనువాదం మొదలుపెట్టారు. ఆ పని జరిగిన ఊళ్లో కూర్చుని ఆ అధ్యాయాన్ని తెలుగులో చదువుతుంటే నాకు మనసు నిండిపోతుంది.

'జింగిల్ బెల్స్' సంగతి కొందరు అడిగారు. 1857లో జేమ్స్ పియర్‌పాంట్ అచ్చు వేయించిన ఆ పాటలో మంచు మీద గుర్రపు బండి షికారు ఉంది. యేసు పేరు గానీ క్రిస్మస్ మాట గానీ లేవు. పిల్లలు సరదాగా పాడుకోనివ్వండి. నోట్‌బుక్‌లో మాత్రం దానికి పేజీ అక్కర్లేదు, వచనం రాయాల్సిన గీతలు ఖాళీగానే మిగిలిపోతాయి.

ఈ వారం పని: మీ చర్చిలో ఎక్కువగా పాడే ఒక పాట ఎంచుకుని, మొదటి చరణంలో తెలియని మాటలన్నీ విరిచి రాయండి. విడిపోని మాట ఉంటే ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, నిఘంటువు తర్వాత చూడొచ్చు. వచనం దొరకని పంక్తి పక్కన చిన్న చుక్క పెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ చుక్కల దగ్గర నుంచే మొదలుపెడదాం. దానితోపాటు బైబిల్లోని 98వ కీర్తన ఒకసారి చదివి రండి. 1719లో ఐజక్ వాట్స్ ఆ కీర్తన నుంచి రాసిన 'జాయ్ టు ద వరల్డ్' పాటను లోకమంతా క్రిస్మస్‌కి పాడుతుంది. అందులో తొట్టి లేదు, గొల్లలు లేరు, నక్షత్రమూ లేదు.