జ్వరం తగ్గినా డొక్కలు చూడండి

మొన్న తెలిసినవాళ్ల పది నెలల పాపను ఆక్సిజన్ మీద పెట్టాల్సి వచ్చింది. నెమ్ము, అంటే న్యుమోనియా. రెండు రోజులుగా పారాసిటమాల్ వేస్తున్నారు, వేసినప్పుడల్లా ఒళ్లు చల్లబడుతోంది, ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉన్నారు. స్వెటర్ కింద పాప డొక్కలెగరేస్తున్న సంగతి ఎవరి కంటా పడలేదు.

జలుబుల కాలంలో చేతులు కడుక్కోమని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కొంప ముంచే తప్పు ఒకటుంది: థర్మామీటర్ చూసి ఊరుకోవడం. పారాసిటమాల్ జ్వరాన్ని దించుతుంది, ఊపిరితిత్తుల్లో చేరిన బ్యాక్టీరియా జోలికి పోదు. చూడాల్సింది ఊపిరి.

ఎలాగంటే, బిడ్డ నిద్రలో ఉన్నప్పుడో, నిమ్మళంగా ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ ఎన్నిసార్లు లేస్తున్నాయో లెక్కపెట్టండి. ఏడుస్తున్నప్పుడు వద్దు. నిమిషం పూర్తిగా చూడాలి, ఎందుకంటే పసివాళ్ల ఊపిరి ఒకే తీరుగా నడవదు. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40. ఆ అంకె వచ్చిందంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. జ్వరానికి కూడా ఊపిరి పెరుగుతుంది, నిజమే. ఏది దేనివల్లో తేల్చాల్సింది డాక్టరు, పక్కింటివాళ్లు కాదు.

అంకె తక్కువున్నా, గాలి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతుంటే ఆగొద్దు.

ఫ్లూ, తట్టు తగ్గాక మళ్లీ జ్వరం తిరగబెడితే తేలిగ్గా తీసుకోవద్దు. అలా నీరసించిన ఊపిరితిత్తుల్లోనే బ్యాక్టీరియా పాగా వేస్తుంది. నెలల పిల్లలకైతే జ్వరం, దగ్గు లేకుండానే నెమ్ము రావచ్చు.

నెమ్ము తెచ్చే బ్యాక్టీరియాను అడ్డుకునే న్యుమోకాకల్, హిబ్ టీకాలు వేయించండి. వేయించాం కదా అని ఊపిరి చూడటం మానొద్దు, అవి అన్ని రకాల నెమ్మునూ ఆపలేవు. పాత యాంటీబయాటిక్ సీసా పారేయండి. డాక్టరు రాసిన కోర్సు మధ్యలో ఆపొద్దు. ముక్కులో నూనె చుక్కలు వద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే అదో నెమ్ము. దగ్గు సిరప్ సొంతంగా పట్టొద్దు. ఇంట్లో సిగరెట్ వద్దు, పొగ వద్దు. జ్వరం తగ్గిందా? సరే, చొక్కా ఎత్తి చూడండి. పాలు తాగలేకపోతే, తాగిందంతా కక్కేస్తుంటే, ఊపిరి ఊపిరికీ మూలుగుతుంటే, పెదాలు నీలబడితే, లేపినా మత్తుగా ఉంటే, ఫిట్స్ వస్తే అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి. తెల్లారేదాకా చూద్దాం అనొద్దు. దారిలోనో, బండి వచ్చేలోపో వీలైతే డొక్కలు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరు చూసేసరికి బిడ్డ ఏడుస్తూ ఉండొచ్చు. దానికోసం మాత్రం ఒక్క క్షణం ఆగొద్దు.