ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా: పిల్లలు చదవడంలో ఎక్కడ ఆగుతున్నారో పట్టుకోవడం ఎలా?

ఎఫ్.ఏ.లో (బడిలో మధ్యమధ్య పెట్టే ఫార్మేటివ్ పరీక్షలో) 20కి 17 వచ్చిన పిల్లాడి చేతికి ఎప్పుడూ చూడని కాగితం ఇచ్చి చదవమంటే అసలు సంగతి బయటపడుతుంది. నల్లగొండ, పాలమూరు వైపు హైస్కూళ్ళలో చెప్పే సార్లకు, మేడంలకు రోజూ ఎదురయ్యే చిక్కులే ఇవి. ఏ పరీక్షైనా పిల్లను ఒక్కదాన్నే పక్కన కూర్చోబెట్టుకుని చేయండి, ఐదారు నిమిషాలు చాలు. క్లాసు ముందు నిలబెడితే టెన్షన్‌లో వచ్చింది కూడా మర్చిపోతారు.

సమస్య: పాఠం బాగా చదువుతాడు, కొత్త పేజీ ఇస్తే కదలడు

పాఠం నోటికొచ్చేసింది, అంతే. క్లాసులో పదిసార్లు విన్నాడు, జవాబులు బట్టీ కొట్టాడు, కళ్ళు అక్షరాల మీద లేనే లేవు. వాచకం పక్కన పెట్టి వంద, నూట ఇరవై పదాల పేరా మీరే రాయండి, లేదంటే పేపర్లో పిల్లల పేజీ నుంచి తీసుకోండి. రెండు మూడు పేరాలు దగ్గర ఉంచుకోవాలి, ఎందుకంటే మొదట చదివినవాడు వరండాలోకి వెళ్ళి మిగతావాళ్ళకు అంతా చెప్పేస్తాడు.

సమస్య: కూడబలుక్కుంటూ చదువుతుంది

"వెనకబడింది" అని రిజిస్టర్లో రాసేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అదే పేరా ఇంకో కాపీ మీ చేతిలో పెట్టుకుని, తప్పు చదివిన మాట కింద గీత, వదిలేసిన మాట చుట్టూ సున్నా, తనంతట తనే సరిదిద్దుకుంటే టిక్కు పెట్టండి. టిక్కును తప్పుల్లో కలపకూడదు. అలా నలుగురైదుగురి కాగితాలు చూస్తే దొంగ దొరుకుతాడు, చాలాసార్లు అది ఒత్తే. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు కాబట్టి గుణింతాలు దాటొచ్చిన పిల్లలు కూడా "బస్తా"ను "బసా" అంటారు, "రాష్ట్రం" దగ్గర ఆగి మన ముఖం చూస్తారు. దీనికి వర్ణమాల మళ్ళీ మొదటి నుంచి దిద్దించకండి (ఏడో తరగతి పిల్లకు అది అవమానం కూడా). దొరికిన ఆ మూడు నాలుగు ఒత్తులున్న మాటలు రోజూ ఓ పది చదివించి, రెండు వారాల తర్వాత కొత్త పేరాతో మళ్ళీ చూడండి.

ఇంకోటి, "భూమి"ని "బూమి" అన్నా, "శనివారం"ను "సనివారం" అన్నా గీత పెట్టొద్దు. ఇళ్ళల్లో అలాగే మాట్లాడతాం, అక్షరం గుర్తుపట్టిందా లేదా అన్నదే లెక్క.

సమస్య: నెట్‌లో చెప్పినన్ని పదాలు నిమిషంలో ఎవరూ చదవట్లేదు

ఆ లెక్కలు ఎక్కువగా ఇంగ్లీషువి. "వెళ్ళిపోతున్నాడనుకున్నాను" మనకు ఒక్క పదం, ఇంగ్లీషులో ఐదారు. నిమిషంలో సరిగ్గా చదివిన పదాలు లెక్కపెట్టి, జూన్‌లో ఎన్ని, డిసెంబర్‌లో ఎన్ని అని అదే పిల్లతో పోల్చుకోండి. పేరా కష్టం మాత్రం రెండుసార్లూ ఒకేలా ఉండాలి.

సమస్య: గడగడా చదువుతాడు, అడిగితే నోరు మెదపడు

ముందు మీ ప్రశ్నను అనుమానించండి. 2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పడితే సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు కదా, దాని మీద పేరా రాశారనుకుందాం. "పిల్లలమర్రి ఎక్కడ ఉంది?" అంటే పాలమూరు పిల్లలు పేరా చదవకుండానే చెప్పేస్తారు. "చెట్టుకు ఏం పట్టింది?" అంటే చెదలు అన్న మాట వెతికి అప్పజెప్తారు. "మందు ఒక్కసారే పోయకుండా చుక్క చుక్కగా ఎందుకు ఎక్కించారు?" అని అడగండి, అప్పుడు తెలుస్తుంది. పేరా చూడని పిల్లలకు ముందే ప్రశ్నలు వేసి, వాళ్ళు చెప్పగలిగినవన్నీ కొట్టేయండి.

ప్రశ్న బాగానే ఉన్నా చెప్పలేకపోతే, అలాంటిదే ఇంకో పేరా మీరే చదివి వినిపించండి. విని చెప్పగలిగితే భాషలో లోటు లేదు, పైకి గడగడా చదివినట్టున్నా బలమంతా అక్షరాలు కూడదీసుకోవడానికే పోతోంది, కాబట్టి అదే పేరా రెండు మూడుసార్లు చదివించాలి. విన్నా అర్థం కాకపోతే మాటలే తెలియవన్నమాట, ఎంత చదివించినా లాభం లేదు, ముందు ఆ మాటల గురించి మాట్లాడించాలి. చదవడమంటే అక్షరం, అర్థం రెండూ కలవడమని గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పింది ఇదే. దేవరకొండ వైపు తండాల పిల్లలను లంబాడీలోనే చెప్పనివ్వండి, తోటి పిల్ల తెలుగులో చెప్తుంది. కథ తెలిసి తెలుగు మాట దొరకని పిల్లకు సున్నా వేయడం అన్యాయం.

2022-23 నుంచి ద్విభాషా పుస్తకాలు వచ్చాయి కాబట్టి ఇంగ్లీషు మీడియం పిల్లలకు సైన్సు పేరా రెండు భాషల్లోనూ పెట్టి చూడాలి. తెలుగులో బాగా చదివి ఇంగ్లీషులో ఆగితే అది వేరే సమస్య, దానికి సైన్సు మార్కులు కోయకండి.

సమస్య: వరుసలు దాటేస్తాడు, పుస్తకం ముక్కుకు ఆనిస్తాడు

పెద్ద అక్షరాల్లో అదే పేరా ఇచ్చి చూడండి. మెరుగైతే ఆర్.బి.ఎస్.కె. టీం (బడి పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ బృందం) వచ్చినప్పుడు కళ్ళు తప్పకుండా చూపించండి, అద్దాలు వచ్చాక మళ్ళీ పరీక్ష.

సమస్య: నేను పెడితే ఒక ఫలితం, పక్క సార్ పెడితే ఇంకోటి

ఆగిన మాట ఒకరు వెంటనే అందిస్తారు, ఇంకొకరు అలా చూస్తూ ఉంటారు. మూడు సెకన్లు ఆగి, చెప్పి, తప్పు గీత పెట్టాలని ముందే అనుకోండి. ఇద్దరు ముగ్గురు పిల్లలు చదివింది ఫోన్‌లో రికార్డు చేసి ఇద్దరూ విడివిడిగా గీతలు పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో చూసుకున్నాకే క్లాసంతా మొదలుపెట్టండి.