స్పోర్ట్స్ కారుకు సింథటిక్ ఆయిల్ – మూడవ పాఠం: మన ఎండలకు ఎంత చిక్కని ఆయిల్ కావాలి?

గత పాఠంలో మినరల్ ఆయిల్‌కూ సింథటిక్ ఆయిల్‌కూ తయారీలో ఉన్న తేడాను చూశాం. ఈ పాఠంలో డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే గ్రేడును చదవడమూ, అది మన కారుకు సరిపోతుందో లేదో తేల్చుకోవడమూ నేర్చుకుందాం.

కర్నూలు, అనంతపురం, కడపలలో ఏ ఆయిల్ కొట్టు ముందు నిలబడినా ఒక సలహా వినిపిస్తుంది: "మన ఎండలకు పలచటి ఆయిల్ ఆగదు, చిక్కటిది పోయించుకోండి." మంచి మనసుతో చెప్పే మాటే ఇది. పాతకాలపు కార్బ్యురేటర్ ఇంజన్లలో 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పోసి ఏళ్ల తరబడి బండ్లు నడిపించిన అనుభవం దాని వెనుక ఉంది. కానీ నేటి టర్బో పెట్రోలు ఇంజనుకు అదే సలహాను పాటిస్తే మేలు కంటే కీడే ఎక్కువ. ఎందుకో తెలియాలంటే ఆ అంకెలను ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలుస్తారో ముందుగా తెలుసుకోవాలి.

5డబ్ల్యూ-40 అనే గ్రేడును ఉదాహరణగా తీసుకుందాం. డబ్ల్యూ అనే అక్షరం చలికాలాన్ని సూచిస్తుంది. దాని ముందున్న 5, మైనస్ 30 డిగ్రీల చలిలో స్టార్టరు ఇంజనును తిప్పబోయినప్పుడు ఆ ఆయిల్ ఎంత అడ్డుపడుతుందో పరీక్షించి ఇచ్చిన అంకె. అక్కడ 0 ఉంటే ఆ పరీక్ష మైనస్ 35 దగ్గర, 20 ఉంటే మైనస్ 15 దగ్గర జరుగుతుంది. వెనకనున్న 40, ఆయిల్ 100 డిగ్రీలకు వేడెక్కినప్పటి చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్సుల (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ ఆయిల్ చిక్కన) మధ్య ఉందని చెబుతుంది. 30 గ్రేడుకు ఇది 9.3 నుంచి 12.5 వరకు, 50 గ్రేడుకు 16.3 నుంచి 21.9 వరకు ఉంటుంది. అంటే ముందు అంకె మనం ఎన్నడూ చూడని చలికి సంబంధించినది, వెనక అంకె మరుగుతున్న నీటి వేడికి సంబంధించినది. కర్నూలులో మే నెల మధ్యాహ్నం ఉండే 43 డిగ్రీలకు ఈ రెంటిలో దేనితోనూ నేరుగా సంబంధం లేదు.

బయట ఎండ ఎంత కాసినా ఇంజనులోని కూలెంటును థర్మోస్టాట్ 90 డిగ్రీలకు అటూ ఇటూగా నిలుపుతుంది. మామూలు ప్రయాణంలో ఆయిల్ కూడా 100 డిగ్రీల పరిసరాల్లోనే స్థిరపడుతుంది. వేసవిలో రేడియేటరుకు శ్రమ పెరిగి ఆయిల్ కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కవచ్చు గానీ, ఆ కొద్ది తేడా కోసం గ్రేడు మార్చాల్సిన అవసరం లేదు. కంపెనీవారు గ్రేడు నిర్ణయించేటప్పుడే వేడి దేశాలను కూడా లెక్కలోకి తీసుకుంటారు.

అసలు జాగ్రత్త పడవలసింది వేడి గురించి కాదు, బండి తీసిన మొదటి నిమిషాల గురించి. ఎండలో నిలిపిన కారులో ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. మనకు అది వేడి. ఇంజనుకు మాత్రం అది చల్లటి ఆయిలే. 5డబ్ల్యూ-40 రకం 100 డిగ్రీల దగ్గర సుమారు 14 సెంటీస్టోక్సులు ఉంటే, 40 డిగ్రీల దగ్గర సుమారు 80 ఉంటుంది, అంటే ఇంజను కోరుకునే దానికంటే ఐదారు రెట్లు చిక్కన. 20డబ్ల్యూ-50 అయితే అదే 40 డిగ్రీల దగ్గర 160 దరిదాపుల్లో, ఆముదాన్ని తలపించేలా ఉంటుంది. అంత చిక్కని ఆయిల్‌ను పంపు తోసినప్పుడు ఒత్తిడి పరిమితి దాటి రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది, కొంత ఆయిల్ పని చేయకుండానే వెనక్కి మళ్లుతుంది. టర్బో బేరింగులకూ పైనున్న క్యామ్‌షాఫ్టుకూ ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది. ఆయిల్ ఒత్తిడితో నడిచే వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని అవసరాన్ని బట్టి మార్చే ఏర్పాటు) మందగిస్తుంది. పైగా చిక్కటి ఆయిల్ తన రాపిడితో తానే అదనపు వేడిని పుట్టిస్తుంది. ఎండకు భయపడి చిక్కటిది పోయించుకున్న వారు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గమనించాలి.

మరి అధిక వేడిలో రక్షణ ఎలా తెలుస్తుంది? దానికి హెచ్‌టీహెచ్‌ఎస్ అనే కొలత ఉంది. ఇంజను గట్టిగా తిరుగుతున్నప్పుడు బేరింగు సందులో నలిగే పలచటి ఆయిల్ పొర పరిస్థితిని అనుకరిస్తూ, 150 డిగ్రీల దగ్గర, తీవ్రమైన రాపిడిలో ఆయిల్ ఎంత చిక్కగా నిలిచిందో దీనిలో కొలుస్తారు. నా దృష్టిలో స్పోర్ట్స్ కారు యజమాని చూడవలసిన అతి ముఖ్యమైన అంకె ఇదే. యూరప్ ప్రమాణాలలో ఏ3/బీ4 గానీ సీ3 గానీ డబ్బా మీద ఉంటే ఈ కొలత కనీసం 3.5 మిల్లీపాస్కల్ సెకన్లు (చిక్కదనానికి మరో ప్రమాణం) ఉన్నట్టు అర్థం. సీ5 అని ఉంటే 2.6 నుంచి 2.9 వరకే ఉంటుంది. అది ఇంధనం ఆదా చేయడానికి రూపొందించినది గనుక, కంపెనీ అడిగిన ఇంజనులో తప్ప వేరేచోట పోయకూడదు.

ఇక డబ్బాను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి. ముందువైపు మెరిసే రంగులకన్నా వెనకవైపు చిన్న అక్షరాలకే విలువ ఎక్కువ. ముందుగా ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణం ఉన్న వరుస కనిపిస్తుంది. 2020లో వచ్చిన ఎస్పీ వర్గం, టర్బో ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో తక్కువ వేగం దగ్గర అకాలంగా మంట పుట్టి పిస్టన్లను పగలగొట్టే సమస్యను తగ్గించేలా రూపొందింది. దాని కింద పోర్షే ఏ40, ఫోక్స్‌వాగన్ 502.00, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-01, మెర్సిడెస్ 229.5 వంటివి ఉంటాయి. ఇక్కడ ఒక్కొక్క మాటనూ నిదానంగా చదవాలి. "అప్రూవల్" అని ఉంటే కారు కంపెనీ ఆ ఆయిల్‌ను పరీక్షల ఆధారంగా ఆమోదించిందని అర్థం. "సూటబుల్ ఫర్", "రికమెండెడ్ ఫర్" అని మాత్రమే ఉంటే అది ఆయిల్ కంపెనీ తన అభిప్రాయంగా చెప్పుకున్న మాట. వారంటీ ఉన్న కారుకు మొదటి రకాన్నే ఎంచుకోవాలి.

చిక్కటి గ్రేడు నిజంగా అవసరమయ్యే సందర్భం కూడా ఉంది. కారును ఇరుంగట్టుకోట్టై వంటి రేసు ట్రాకుకు తీసుకెళ్లి ల్యాపు మీద ల్యాపు తిప్పితే ఆయిల్ 130 డిగ్రీలు దాటగలదు. ఫోర్డ్ మస్టాంగ్‌నే చూడండి. 2012, 2013 మోడళ్లలో రోడ్డు కోసం చేసిన జీటీకి కంపెనీ 5డబ్ల్యూ-20 సూచించింది. అదే కుటుంబానికి చెందిన 5.0 లీటర్ల వీ8ను ట్రాకు కోసం పదునుపెట్టి బాస్ 302లో అమర్చినప్పుడు 5డబ్ల్యూ-50 సూచించింది. గ్రేడును మార్చినది బయటి వాతావరణం కాదు, ఇంజనును వాడే తీరు. అయితే ఈ మార్పును మాన్యువల్ అనుమతించిన మేరకే చేయాలి.

44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్ దగ్గరో గుత్తి దగ్గరో ఆయిల్ తగ్గిందన్న హెచ్చరిక వెలిగి, మీ బ్రాండు దొరకకపోతే కంగారు పడనక్కరలేదు. ఏపీఐ ప్రమాణానికి చేసిన ఇంజన్ ఆయిళ్లు ఒకదానితో ఒకటి కలుస్తాయి. అదే గ్రేడు సింథటిక్‌ను కనిష్ఠ గీత దాటేంతగా పోసుకుని ప్రయాణం సాగించండి. తక్కువ ఆయిల్‌తో నడపడమే అసలు ప్రమాదం.

అభ్యాసం: మీ కారు మాన్యువల్ తెరిచి గ్రేడు, అప్రూవల్, ఫిల్టరుతో కలిపి పట్టే ఆయిల్ పరిమాణం నోటు పుస్తకంలో రాసుకోండి. తరువాత ఈ ప్రశ్నకు జవాబు ఆలోచించండి. అనంతపురంలోని ఒక పాఠకుని టర్బో కారుకు మాన్యువల్ 5డబ్ల్యూ-40, ఫోక్స్‌వాగన్ 502.00 అప్రూవల్ అడుగుతోంది. కొట్టులో అది లేదు. ఉన్నవి రెండే: ఏ కారు కంపెనీ అప్రూవలూ లేని 5డబ్ల్యూ-50, 502.00 అప్రూవల్ ఉన్న 0డబ్ల్యూ-40. ఆయన ఏది తీసుకోవాలి? రెండు డబ్బాల ముందు అంకెలనూ వెనక అంకెలనూ విడివిడిగా పోల్చి, కారణంతో సహా రాయండి. జవాబును నాలుగవ పాఠం మొదట్లో సరిచూసుకుని, ఆ తరువాత ఆయిల్ మార్చవలసిన గడువు గురించి నేర్చుకుందాం.