వరద సహాయానికి వెళ్ళేవారి క్షేమం: వానలకు ముందే చేసుకోవలసిన ఏర్పాట్లు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీరు విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక వంటి ప్రాంతాల ఇళ్ళలోకి చేరి రోజుల తరబడి నిలిచిపోయినప్పుడు, ఊళ్ళోని చిన్నాపెద్దా సేవాసంస్థలు ఎన్నో అన్నం పొట్లాలతో, నీళ్ళ సీసాలతో బయలుదేరాయి. మా సంస్థ కూడా వెళ్ళింది. ఎన్ని పొట్లాలు కట్టాలి, ఏ వీధికి ఎన్ని ఇవ్వాలి అన్న లెక్క మా దగ్గర ఉంది గాని, నీటిలోకి దిగిన మా వాళ్ళు ఎంతమంది, వారిలో సాయంత్రానికి తిరిగి వచ్చినవారు ఎంతమంది అన్న లెక్క మొదటి రెండు రోజులూ ఎవరి దగ్గరా లేదు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదంటే అది మా అదృష్టమే గాని మా జాగ్రత్త వల్ల కాదు.

డిగ్రీ చదువుకునే కుర్రవాడొకడు మొదటి రోజునే నీటి అడుగున గాజుపెంకు తొక్కి, కాలికి చేతిరుమాలు కట్టుకుని, మరో రెండు రోజులు అదే మురికినీటిలో తిరిగాడు. మూడో రోజు సాయంత్రం కాలు చీలమండ దాకా వాచి, చెప్పు వేసుకోవడానికి వీలుకాక కుంటుతుంటే గాని మాకు తెలియలేదు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, "మెడలోతు నీళ్ళలో పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డవాళ్ళ ముందు నా కాలి గాయం ఏం చెప్పుకోనండీ" అన్నాడు. సేవకు వచ్చే ప్రతి మనిషిలోనూ ఈ మొహమాటం ఉంటుంది. ఎదుటివారి కష్టం పెద్దదిగా కనబడినకొద్దీ తన ఒంటి నొప్పి చెప్పుకోవడం తప్పుగా తోస్తుంది. అందుచేత కార్యకర్త తనంతట తానే చెబుతాడని ఎదురుచూడకుండా, అడిగి తెలుసుకునే పద్ధతిని సంస్థే ఏర్పరచుకోవాలి. ఈ ఏర్పాట్లన్నీ వాన మొదలైన తరువాత చేయగలిగినవి కావు. మే నెలలోనే, నేల పొడిగా ఉండగానే కూర్చుని మాట్లాడుకోవాలి.

వెళ్ళవద్దని చెప్పగల మనిషి

ప్రతి బృందానికీ ఒక బాధ్యుడిని ముందే నియమించాలి. ఆ వ్యక్తి పొట్లాలు పంచకూడదు, నీటిలోకి దిగకూడదు. గట్టుమీద నిలబడి, లోపలికి వెళ్ళినవారి పేర్లు, వెళ్ళిన వీధి, వెళ్ళిన సమయం, వారి ఇంటివారి ఫోన్ నంబరు పుస్తకంలో రాసుకోవాలి. ఫోన్ తడిస్తే పనికిరాదు కాబట్టి కాగితమే మేలు. నీరు పెరుగుతున్నా, చీకటి పడుతున్నా, ఉరుములు వినబడుతున్నా పని ఆపమని చెప్పే అధికారం అతనికే ఉండాలి, ఆ మాటను సంస్థ అధ్యక్షుడు కూడా కాదనకూడదు. మా అనుభవంలో అన్నిటికంటే కష్టమైన నియమం ఇదే. అవతలి వీధిలో ఆకలితో ఉన్నవారు చేతులూపి పిలుస్తుంటే వెనక్కి తిరగడం ఎవరికైనా మనసుకు భారమే. కాని లోపలికి వెళ్ళిన మన మనిషే కొట్టుకుపోతే, అక్కడివారికోసం వచ్చిన పడవ మన మనిషికోసం తిరగవలసి వస్తుంది. బృందంలో ఇద్దరికి తక్కువగా ఎవరినీ పంపకూడదు. ప్రతి రెండు గంటలకూ తలలు లెక్కపెట్టాలి.

సాయంత్రం తిరిగి వచ్చిన ప్రతి ఒక్కరినీ బాధ్యుడు పక్కకు పిలిచి పాదాలు చూపించమనాలి. "బాగానే ఉన్నాను" అన్న జవాబుతో ఊరుకోకుండా, కళ్ళతో చూడాలి. ఆ కుర్రవాడి కాలిని మొదటి సాయంత్రమే ఎవరైనా చూసి ఉంటే మూడు వారాల మంచం తప్పేది.

ఏ నీరు ఎటునుంచి వస్తుంది

మన ఊళ్ళో వరద అనగానే అందరి చూపూ ప్రకాశం బ్యారేజీ వైపు పోతుంది. అక్కడ ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2024 సెప్టెంబరులో ఆ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కృష్ణానది పెరుగుతుందన్న సంగతి ఎగువ ప్రాజెక్టుల నుంచి కొంత ముందుగా తెలుస్తుంది కాబట్టి, నదీతీరంలోని రాణిగారితోట, తారకరామానగర్ వైపు పనిచేసేవారికి సర్దుకునే సమయం కొంత దొరుకుతుంది. బుడమేరు సంగతి అలాంటిది కాదు. అది మైలవరం వైపు కొండల్లో పుట్టి, ఊరి పక్కగా పారి కొల్లేటిలో కలుస్తుంది. పైన కొండల్లో పడిన వానకు ఇక్కడ ఎండగా ఉన్నప్పుడు కూడా నీరు రావచ్చు, కట్టకు గండి పడితే రాత్రికి రాత్రే రావచ్చు. బ్యారేజీ దగ్గర నీరు తగ్గిందన్న వార్త విని సింగ్‌నగర్ వైపు ధైర్యంగా వెళ్ళడం పొరపాటు.

మూడో ప్రమాదం కొండలది. మొగల్రాజపురం, గుణదల, మాచవరం, విద్యాధరపురం కొండవాలు ఇళ్ళకు సరుకులు మోసుకెళ్ళేవారు నీటిని తప్ప మట్టిని గమనించరు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. వరుసగా రెండు రోజులు వాన పడిన తరువాత కొండమీది మెట్లదారిలో బృందాన్ని పంపకూడదు. రాళ్ళు జారుతున్నా, గోడ కొత్తగా బీటలిచ్చినా, ఊటనీరు ఒక్కసారిగా బురదరంగుకు మారినా వెంటనే కిందికి దిగాలి.

వాతావరణ శాఖ చెప్పే "భారీ వర్షం" అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 మిల్లీమీటర్ల వాన అని, "అతి భారీ" అంటే 204.4 మిల్లీమీటర్ల వరకు అని, ఆ పైది "అత్యంత భారీ" అని కార్యకర్తలందరికీ తెలిసి ఉండాలి. ఏ రంగు హెచ్చరికకు ఏ పని ఆపాలో ముందే రాసి గోడకు అంటించుకోవడం మంచిది. ఉరుము వినబడితే ఆరుబయట పని ఆపి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగి గాని మళ్ళీ మొదలుపెట్టకూడదు.

వెళ్ళే మనుషుల ఎంపిక

ఈత వస్తుందన్న ఒక్క అర్హతతో ఎవరినీ పంపకూడదు. పారే వరదనీటిలో చెరువు ఈత పనికిరాదు. 18 ఏళ్ళు నిండనివారిని, గర్భిణులను, మూర్ఛ వ్యాధి ఉన్నవారిని, మధుమేహంతో పాదాల స్పర్శ తగ్గినవారిని, ఒంటిమీద మానని పుండు ఉన్నవారిని నీటిలోకి పంపరాదు. వారికి పొట్లాలు కట్టడం, ఫోన్లు ఎత్తడం, సరుకు లెక్కలు చూడడం వంటి పనులు అప్పగించాలి. ఆ పనులు తక్కువవి కావని పెద్దలు నలుగురిలో చెప్పాలి. లేకపోతే జబ్బు దాచి వరుసలో నిలబడతారు.

ప్రతి కార్యకర్త ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నదీ రాసుకోవాలి. పదేళ్ళు దాటితే వానలకు ముందే వేయించాలి. మురికి గాయమైతే, చివరి టీకా వేసి ఐదేళ్ళు దాటినవారికి మళ్ళీ వేయిస్తారు. బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ళ మధ్య వయసున్నవారు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షల రూపాయలు కుటుంబానికి అందుతాయి. ఆ బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది కాబట్టి మే నెలలోనే చూసుకోవడానికి అనువుగా ఉంటుంది. జీతం లేకుండా వచ్చే మనిషికి సంస్థ చేయగలిగిన కనీస మర్యాద ఇది.

నీటిలో, వాహనాల మీద

మోకాలు దాటిన నీటిలోకి నడిచి వెళ్ళకూడదు. నీరు పారుతుంటే చీలమండ పైకి వచ్చినా ఆగాలి. పదిహేను సెంటీమీటర్ల లోతు ప్రవాహం కూడా మనిషిని పడగొట్టగలదు. ముందు నడిచే మనిషి చేతిలో ఆరడుగుల వెదురు కర్ర ఉండాలి. అడుగు వేసే ముందు కర్రతో నేల తడిమి చూసుకోవాలి. మన వీధుల్లో సైడు కాలువలకు బండలు లేనిచోట్లు, మూతలేని మ్యాన్‌హోళ్ళు ఎక్కడున్నాయో ఆ వీధివారికే తెలుసు. అందుకని లోపలికి వెళ్ళే ప్రతి బృందంలో ఆ పేటవాడు ఒకరు ఉండాలి.

విద్యుత్తు విషయంలో ఎక్కువమందికి తెలియని ప్రమాదం ఒకటి ఉంది. వీధిలో సరఫరా ఆపేశారని, మెయిన్ స్విచ్ దించారని నమ్మి ఇంట్లోకి అడుగుపెడతారు. ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే బ్యాటరీ నుంచి వైర్లలోకి విద్యుత్తు వస్తూనే ఉంటుంది. నీరు నిలిచిన ఇంట్లోకి వెళ్ళే ముందు ఇన్వర్టర్ ఉందా అని ఇంటివారిని తప్పక అడగాలి. ఉందంటే ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా బయటే ఉండాలి. ఇనుప కరెంటు స్తంభాలను, వాటిని నిలబెట్టే స్టే వైర్లను ఆనుకోకూడదు. తెగిన తీగ కనబడితే దూరం నుంచే జనాన్ని ఆపి విద్యుత్తు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి.

వరదనీటిలో పాములు ఎత్తైన చోటుకోసం గడప మీదికి, అలమరలోకి చేరతాయి. కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకూడదు. కరిచిన కాలునో చేతినో కదపకుండా బద్దకట్టి, 108 పిలిచి, ప్రభుత్వ సర్వజనాసుపత్రికి చేర్చాలి. కట్లపాము కాటుకు నొప్పి, వాపు లేకపోవచ్చు. నొప్పి లేదని ఇంట్లో ఉంచితే ప్రాణం పోతుంది.

ట్రాక్టర్ల మీద సరుకు తీసుకువెళ్ళేటప్పుడు మడ్‌గార్డు మీద, ఇంజనుకూ ట్రక్కుకూ మధ్యనున్న కొక్కెం మీద ఎవరూ నిలబడరాదు. పడవ ఎక్కే ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. జాకెట్లు ఆరు ఉంటే ఆరుగురే ఎక్కాలి. పొట్లాలను జనంలోకి విసరవద్దు. విసిరితే తొక్కిసలాట జరుగుతుంది, పైగా పుచ్చుకునేవారి గౌరవానికి అది తగదు.

వంటశాలలో

నీటిలోకి వెళ్ళనివారికి ప్రమాదం లేదనుకోవడం తప్పు. వేలమందికి వండేచోట కాలిన గాయాలు ఎక్కువగా గంజి వార్చేటప్పుడు, గుండిగ దించేటప్పుడు జరుగుతాయి. ఒక గుండిగకు కనీసం ఇద్దరు, దాని చెవులు పట్టుకోవడానికి మందపాటి తడిలేని గుడ్డలు, జారని నేల, దారిలో పిల్లలు లేకుండా చూసే మనిషి ఒకరు కావాలి. నైలాన్ చీరలు, వేలాడే చున్నీలు పొయ్యి దగ్గరికి రాకూడదు. సిలిండర్లను నిలువుగా, గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా ఉంచాలి. ఒళ్ళు కాలితే ఇరవై నిమిషాలపాటు మామూలు నీటి ధార కింద ఉంచాలి, సిరా, టూత్‌పేస్టు, పసుపు పూయకూడదు. 25 కిలోల బియ్యం బస్తాను ఒక్కరే రోజంతా మోస్తే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది కాబట్టి మనుషులను గంటకొకసారి మార్చాలి.

నీరు తీసిన తరువాత

బురద ఎత్తే పనికి చెప్పులు చాలవు, మోకాలి వరకు వచ్చే గమ్‌బూట్లు, మందపాటి చేతితొడుగులు ఉండాలి. బ్లీచింగ్ పౌడర్‌ను మరుగుదొడ్డి యాసిడ్‌తో ఎన్నడూ కలపకూడదు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. తడిసిన పరుపు, బీరువా చూడటానికి మామూలుగానే ఉన్నా బరువు రెట్టింపవుతుంది, నలుగురు లేకుండా ఎత్తవద్దు. జనరేటర్‌ను గదిలోగాని వరండాలోగాని నడపకూడదు, దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

మహిళా కార్యకర్తలకు మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చోటు, రాత్రి ఇంటికి చేర్చే వాహనం ఏర్పాటు చేయకుండా వారిని పనికి పిలవకూడదు. మరుగుదొడ్డి లేదని రోజంతా నీళ్ళు తాగకుండా ఉండి జబ్బుపడినవారిని చూశాను. పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారికీ వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసే సంస్థ ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ వేయాలి, అంతకంటే చిన్న సంస్థలవారు జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఇక ఎలుక జ్వరం సంగతి. ఎలుకల మూత్రం కలిసిన నీటి నుంచి చర్మంమీది చిన్న గీతల ద్వారా లెప్టోస్పైరా క్రిములు ఒంట్లోకి చేరతాయి. జ్వరం వెంటనే రాదు, సాధారణంగా 5 నుంచి 14 రోజులకు, ఒక్కోసారి నెల వరకు ఆలస్యంగా వస్తుంది. అప్పటికి పని ముగిసి, ఎవరింటికి వారు వెళ్ళిపోయి, మామూలు జ్వరమని మాత్ర వేసుకుంటారు. పిక్కల నొప్పులు, ఎర్రబడిన కళ్ళు, పచ్చబడే ఒళ్ళు కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరికి వెళ్ళి, "వరదనీటిలో తిరిగాను" అన్న మాట మొదట చెప్పాలి. ముందుజాగ్రత్తగా వారానికొకసారి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మందు తీసుకోవాలా వద్దా అన్నది వైద్యులే నిర్ణయించాలి. గర్భిణులకు అది తగదు కాబట్టి ఎవరికివారు పంచుకోకూడదు.

అందుచేత పని ముగిసిన రోజు నుంచి నెల రోజులు, వారానికి ఒకసారి ప్రతి కార్యకర్తకూ ఫోన్ చేసి జ్వరం వచ్చిందా, గాయం మానిందా అని అడగాలి. ఆ ఫోన్లు చేసేదెవరో, ఎవరికి ఎవరు చేయాలో మే నెల సమావేశంలోనే పేర్లతో సహా రాసి, ఆ కాగితాన్ని బాధ్యుడి పుస్తకం మొదటి పేజీలో అంటించాలి.