ఆయాసం వస్తోందా? పేరు పెట్టే ముందు లెక్కపెట్టండి

"గ్యాస్ పట్టింది", "టెన్షన్ అంతే". ఆయాసం అనగానే సీమలో నోటికొచ్చే పేర్లు ఈ రెండే. రెండూ నిజం కావచ్చు, కానీ అవి చివర్లో పెట్టాల్సిన పేర్లు.

మనిషిని కూర్చోబెట్టండి. ఛాతీ ఒకసారి ఎగిసి దిగితే ఒకటి. అలా పూర్తి నిమిషం లెక్కించండి. లెక్కపెడుతున్నట్టు చెప్పొద్దు, తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. పెద్దవాళ్లకు కుదురుగా ఉన్నప్పుడు 12 నుంచి 20 మామూలు. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరు ఉంటే గోళ్లరంగు తుడిచి, చేయి చల్లగా ఉంటే రుద్ది, అంకె నిలకడగా వచ్చేదాకా నిమిషం ఆగండి. 95, ఆపైన ఉంటే మంచిదే. 92 కన్నా తగ్గితే ఆసుపత్రికి కదలాలి. అయితే 98 చూపించిందని ధీమా పడొద్దు. ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను బండ్లనుకుంటే, ఉన్న బండ్లు ఎంత నిండాయో చెబుతుందే తప్ప, బండ్లు ఎన్ని ఉన్నాయో ఆ మిషన్‌కు తెలియదు. రక్తహీనతలోనూ, గుండెపోటులోనూ 98 రావచ్చు.

వాక్యం పూర్తి చేయలేకపోవడం, పెదాలు నీలంగా మారడం, ఛాతీ బరువు, చల్లటి చెమటలు, మత్తు, ఆపరేషన్ తర్వాతో మంచం పట్టాకో ఒక కాలు వాచి ఉన్నట్టుండి ఆయాసం రావడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి. షుగరు ఉన్నవాళ్లకు గుండెపోటులో నొప్పే లేకుండా ఆయాసం ఒక్కటే రావచ్చు. వాళ్ల విషయంలో సోడా తాగించి చూద్దాం అనుకోవద్దు.

ప్రాణభయం లేదనిపిస్తే, ఎప్పుడు వస్తోందో చూడండి. పడుకుంటే ఎక్కువై, లేచి కూర్చుంటే తగ్గుతోందా? ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కండి. గుంట పడి అలాగే ఉంటే గుండె, కిడ్నీ పరీక్షలు కావాలి. తెల్లవారుజామున పిల్లికూతలతో వస్తే ఉబ్బసం అనుమానించాలి. మెట్లెక్కితేనే వస్తూ, కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆడవాళ్లకు 12, మగవాళ్లకు 13 కంటే తగ్గితే రక్తహీనతే. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష.

మన జిల్లాల్లో తప్పక అడగాల్సింది పని గురించి. తాడిపత్రి, యర్రగుంట్ల వైపు రాయి కోత, పాలిషింగు చేసేవాళ్ల ఊపిరితిత్తుల్లో సిలికా ధూళి ఏళ్లతరబడి పేరుకుంటుంది. దాంతో వచ్చే సిలికోసిస్ అనే జబ్బు పని మానేసినా ముదరవచ్చు, టీబీకి కూడా దారిస్తుంది. ముక్కుకు కట్టిన తువ్వాలు పెద్ద రేణువుల్నే ఆపుతుంది. సన్నటి ధూళికి ఎన్-95 మాస్కు, కోసేచోట నీళ్లు కావాలి. ఆదోని జిన్నింగు మిల్లుల్లాంటి చోట గుర్తు వేరు. సెలవు తర్వాత పనికెళ్లిన మొదటి రోజే ఛాతీ బిగుసుకుంటే పత్తి ధూళిని అనుమానించాలి. డాక్టరు అడగకపోయినా ఏ పని, ఎన్నేళ్లు చేశారో మీరే చెప్పండి.

ఇక ఆందోళన. ఇది నటన కాదు. భయంతో వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. దాంతో పెదాల చుట్టూ, వేళ్లలో చీమలు పాకినట్టుంటుంది, తల తిరుగుతుంది. గాలి చాలడం లేదనిపించి ఇంకా లాగుతారు, ఇంకా పెరుగుతుంది. సాధారణంగా పది నిమిషాల్లో శిఖరానికి చేరి తగ్గుతుంది. ఈ సమయంలో "గట్టిగా ఊపిరి తీసుకో" అనడం పెద్ద పొరపాటు. కావాల్సింది బయటికి వదలడం. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, భుజాలు వదులు చేసి, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, వేడి టీ ఊదినట్టు ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. ఐదు నిమిషాలు చేయించండి, చుట్టూ మూగొద్దు. కవరు మొహానికి పెట్టి ఊదించకండి. అది ఉబ్బసమో గుండె జబ్బో అయితే ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.

మొదటిసారి వచ్చినప్పుడు ఒక ఈసీజీ తీయించుకోవాలి. అది బాగుండి కూడా మళ్లీ మళ్లీ వస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం. కర్నూలు పెద్దాసుపత్రికైనా, కడప రిమ్స్‌కైనా వెళ్లేటప్పుడు నిమిషానికి ఊపిరి ఎన్ని, ఏ వేళ, ఏం చేస్తుండగా వచ్చిందో చీటీ మీద రాసుకుని, వాడుతున్న మాత్రల అట్టలతో సహా తీసుకెళ్లండి.