సిమ్ కాక్‌పిట్ పాఠాలు – 6: దెబ్బతిన్న విమానం ఎంతసేపు ఎగరాలి?

యుద్ధ విమానాల సిమ్యులేటర్ గేముల (సిమ్‌ల) మీది పోయిన పాఠంలో తుపాకుల కన్వర్జెన్స్ (రెండు రెక్కల తూటాలు ఒకచోట కలిసే దూరం) 250 మీటర్లకు సర్దుకుని, అంత దగ్గరికి చేరేదాకా ట్రిగ్గర్ ముట్టుకోకూడదని చెప్పుకున్నాం. అది సాధన చేసినవాళ్లకు ఈపాటికి కొత్త చిరాకు మొదలై ఉంటుంది. తూటాలు తగిలిన మెరుపులు కళ్ల ముందే కనిపిస్తాయి, రేకు ముక్కలు ఎగురుతాయి, అయినా ఎదుటివాడు హాయిగా మలుపు తిరిగి వెళ్లిపోతాడు. కాసేపటికి మనకు ఎక్కడో ఒక్క గుండు తగిలితే మాత్రం రెక్క ఊడిపోతుంది. వీళ్లు విమానాలు ఇనుముతో చేశారా, అట్టముక్కలతో చేశారా అని తిట్టుకోని సిమ్ పైలట్ ఉండడు. ఆ తిట్టులో న్యాయం ఎంతో మీరే పరీక్ష పెట్టి తేల్చుకునే పద్ధతి ఈ పాఠం.

ముందు నా పరువు తక్కువ సంగతి ఒకటి చెప్పాలి. మొదట్లో ఒకసారి జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109 వెనక చేరి చక్కగా కాల్చాను. దాని రెక్క కింది నుంచి తెల్లటి చార ఒకటి మొదలైంది. అంతే, ఇంకేమీ కాలేదు. అది నాతో మరో రెండు చుట్లు తిరిగి పోరాడింది. ఇది బగ్గే అని తీర్మానించుకుని, విసుగుతో వదిలేసి వచ్చాను. రాత్రి రీప్లే పెట్టి, ఈసారి నా విమానాన్ని కాకుండా దాన్ని వెంబడించి చూశాను. నేను వెళ్లిపోయాక తిన్నగా ఇంటి దారి పట్టింది. కాసేపటికి తెల్లచార సన్నబడి ఆగిపోయింది. బాగుపడిందేమో అనుకున్నాను, తీరా చూస్తే కారడానికి ఇంక ఏమీ మిగల్లేదు! ఆ తర్వాత కొద్దిసేపటికే ప్రొపెల్లర్ నిలిచిపోయి, పొలంలో పొట్ట మీద దిగింది. గెలిచింది నేనే, ఆ సంగతి నాకే తెలియలేదు.

109 ఇంజిన్ ద్రవంతో చల్లబడే రకం. నీళ్లూ గ్లైకాలూ కలిపిన కూలెంట్, రెక్కల కిందున్న రేడియేటర్ల గుండా తిరుగుతుంది. స్పిట్‌ఫైర్, పి-51 మస్టాంగ్ ఇంజిన్లు కూడా ఈ కుటుంబానివే. రేడియేటర్‌కు చిల్లు పడగానే ఇంజిన్ ఆగదు. కూలెంట్ కారిపోవాలి (ఆ తెల్లచార అదే), వేడి పెరగాలి, పవర్ తగ్గాలి, చివరికి ఇంజిన్ బిగుసుకుపోవాలి. ఇదంతా నిమిషాల పని. పైలట్ పవర్ తగ్గించి నెమ్మదిగా నడిపితే ఇంకాస్త సాగుతుంది, ఫుల్ పవర్‌లో పోరాడితే త్వరగా ముగుస్తుంది. అందుకే తెల్లచార కనిపించాక వెంటపడి మళ్లీ కాల్చడం కన్నా, వాణ్ని పవర్ తగ్గించనివ్వకుండా మలుపుల్లో పెట్టడం మంచి ఎత్తుగడ. నా దృష్టిలో మంచి డ్యామేజ్ మోడల్‌కి (దెబ్బ ప్రభావాన్ని గేమ్ లెక్కగట్టే పద్ధతికి) గుర్తు ఇదే: దెబ్బ పనిచేయడానికి సమయం పడుతుంది. ఎన్ని తూటాలకు కూలింది అన్న లెక్క ఒక్కటే చూస్తే ఇది కనబడదు.

పాత గేముల్లో విమానం మొత్తానికి ఒకే అంకె ఉండేది. దాన్నే హిట్ పాయింట్లు అంటారు. అంకె సున్నా అయ్యేదాకా విమానానికి చీమ కుట్టినట్టయినా ఉండదు, సున్నా అవగానే పేలిపోతుంది. తర్వాత రెక్కకొకటి, తోకకొకటి, ఇంజిన్‌కొకటి అంకెలు వచ్చాయి. ఇప్పటి సిమ్‌లలో మంచివి ఇంకా లోపలికి వెళ్లి స్పార్ (రెక్కను మోసే దూలం), కంట్రోల్ కేబుళ్లు, ట్యాంకులు, పైలట్ వెనక ఉక్కు పలక వంటివి విడివిడిగా పెట్టి, తూటా దారిలో ఏది ఉందో లెక్క కడతాయి. విమానంలో నిజానికి చాలా భాగం ఖాళీ. పల్చటి అల్యూమినియం రేకు, లోపల గాలి, అక్కడక్కడా ప్రాణం ఉన్న భాగాలు. ఖాళీలోంచి దూసుకుపోయిన తూటా ఒక చిల్లు చేస్తుంది, అంతే.

లెక్కలు చూస్తే ఓపిక పెరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు గన్ కెమెరా (కాల్చేటప్పుడు చిత్రం తీసే కెమెరా) ఫిల్ములు పరిశీలించి వేసిన అంచనా ఒకటుంది: బి-17 బాంబర్‌ను కూల్చడానికి సగటున 20 మి.మీ. గుండ్లు 20 తగలాలి, సాధారణ పైలట్ కాల్చినవాటిలో తగిలేవి వందకు రెండు. అంటే సుమారు 1,000 గుండ్లు కాల్చాలి. నిమిషానికి 700 కాల్చే ఒక్క తుపాకికి అది దాదాపు నిమిషంన్నర ఎడతెగని కాల్పు. ఆ బాధ పడలేకే 30 మి.మీ. ఎంకె 108 తుపాకి వైపు మొగ్గారు. దాని పల్చటి గోడ గుండులో పేలుడు మందు 20 మి.మీ. గుండులో కన్నా దాదాపు నాలుగింతలు, అదే బాంబర్‌కు సగటున నాలుగు చాలన్నారు. ఫైటర్‌కు చాలాసార్లు ఒక్కటి తగిలినా కథ కంచికే. అందుకే ఒక్క గుండుకే మీ రెక్క ఊడితే గేమ్‌ను తిట్టే ముందు ఆ గుండు ఏ తుపాకిదో చూడండి.

అమెరికన్ .50 క్యాలిబర్ (12.7 మి.మీ.) మెషిన్‌గన్ సంగతి వేరే. ఆరు తుపాకుల మస్టాంగ్ సెకనుకు సుమారు 80 తూటాలు వదులుతుంది. వాటిలో పేలుడు మందు లేదు, చేసేదంతా గుచ్చుకుపోవడం, అంటించడం. వందకు రెండే తగిలాయనుకుంటే, ఒక సెకను కాల్పుకి తగిలేవి ఒకటో రెండో. కనిపించిన ప్రతి మెరుపూ ప్రాణం మీదికి తెస్తుందనుకోవడం అత్యాశ.

"థండర్‌బోల్ట్ ఇంత త్వరగా ఎలా కూలుతుంది?" అని వాదించేవాళ్లు ఎప్పుడూ ఒకే ఉదాహరణ తెస్తారు. 1943 జూన్ 26న రాబర్ట్ ఎస్. జాన్సన్ అనే అమెరికన్ పైలట్ నడిపిన పి-47 థండర్‌బోల్ట్‌ను జర్మన్ ఫాకె-వుల్ఫ్ 190లు జల్లెడ చేశాయి. కానపీ (కాక్‌పిట్ పైని గాజు మూత) ఇరుక్కుపోయి దూకడానికీ వీల్లేకపోయింది. వెనకే వచ్చిన ఒక జర్మన్ పైలట్ తూటాలన్నీ అయిపోయేదాకా కాల్చి, ఇంక చేసేదేమీ లేక వెళ్లిపోయాడు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు జాన్సన్ ఇంగ్లండ్‌లోని మాన్‌స్టన్‌లో దిగి చిల్లులు లెక్కపెట్టడం మొదలుపెట్టి, 200 దాటాక మానేశాడు. నిజంగా జరిగిందే. కానీ చివర్లో అంతసేపు తగిలినవి 7.92 మి.మీ. తూటాలు, అంటే రైఫిల్ సైజు. అవీ నేరుగా వెనక నుంచి, అంటే పైలట్ వెనక ఉక్కు పలక కాచే వైపు నుంచి. ముందున్నది గాలితో చల్లబడే 18 సిలిండర్ల ఇంజిన్, చిల్లు పడ్డానికి రేడియేటరే లేదు. ఈ మూడూ కలిసిరాకపోతే? అలాంటి పి-47ల చిల్లులు లెక్కపెట్టడానికి ఎవరూ మిగల్లేదు. కొలంబియా యూనివర్సిటీలోని గణాంక బృందంలో ఏబ్రహం వాల్డ్ 1943లో పట్టుకున్న మెలిక ఇదే: తిరిగొచ్చిన విమానాలనే చూస్తే, ఎక్కడ తగిలితే తిరిగి రారో ఆ చోటు కనబడదు. (తిరిగొచ్చిన విమానాల చిల్లుల్ని ఎర్ర చుక్కలుగా చూపే బొమ్మ చాలామంది చూసే ఉంటారు. అది వాల్డ్ గీసింది కాదు, తర్వాత ఎవరో ఊహించి వేసింది.)

తొలినాళ్ల జపాన్ జీరో దీనికి పూర్తిగా అవతలి కొస. తేలిక కోసం పైలట్‌కు పలకా పెట్టలేదు, చిల్లు పడితే రబ్బరు ఉబ్బి పూడుకునే ట్యాంకులూ పెట్టలేదు. మీ సిమ్‌లో జీరో ఊరికే అంటుకుంటుంటే అది గేమ్ పక్షపాతం అనుకోకండి.

జెట్ల జోలికి ఈ పాఠంలో ఎక్కువ వెళ్లను. క్షిపణి చాలాసార్లు తగలనక్కర్లేదు, దగ్గర పేలి ముక్కలు చిమ్మితే చాలు. 1983లో ఇజ్రాయెల్ ఎఫ్-15 ఒకటి శిక్షణలో స్కైహాక్ అనే మరో విమానాన్ని గుద్దుకుని ఒక రెక్క దాదాపు మొత్తం పోగొట్టుకుని కూడా దిగింది. ఏ సిమ్‌లోనైనా అలా జరిగితే మనమే నవ్వి తీసేస్తాం.

ఇక అభ్యాసం. ఐఎల్-2 అనే సిమ్‌లో క్విక్ మిషన్, డీసీఎస్ అనే సిమ్‌లో మిషన్ ఎడిటర్, ఏదైనా సరే. ఆన్‌లైన్‌లో వద్దు, అక్కడ లాగ్ (నెట్ ఆలస్యం) వల్ల తగిలినట్టు కనిపించినవి తగలవు. ఒక 109, ఒక పి-47, రెండూ తిన్నగా 3,000 మీటర్ల ఎత్తులో ఎగిరేలా పెట్టండి. మస్టాంగ్‌లో వెనక చేరి, 250 మీటర్ల నుంచి ఒకే ఒక్క సెకను కాల్చి పక్కకు తప్పుకోండి. మళ్లీ కాల్చాలని చెయ్యి లాగుతుంది, కాల్చకండి. స్టాప్‌వాచ్ నొక్కి పది నిమిషాలు వెంట ఎగరండి. ఎక్కడ తగిలింది, ఏ రంగు చార వచ్చింది, ఎప్పుడు ఆగింది, ఎన్నో నిమిషంలో ఏమైంది, ఇవి నాలుగు గడుల్లో రాసుకోండి. ఒక్కోదానితో పదేసి సార్లు. ఒక్కసారి చేసి తీర్పు చెప్పేస్తే అది జాన్సన్ కథతో వాదించడమే అవుతుంది.

109 రాతల్లో తెల్లచార వచ్చినవాటిని విడిగా చూడండి. అన్నీ వెంటనే కూలిపోయినా, ఏ ఒక్కటీ పది నిమిషాల్లో ఆగకపోయినా ఆ సిమ్‌లో కూలెంట్ లెక్క సరిగా లేదని అర్థం. ఆ కాగితం దాచుకోండి. వచ్చే పాఠంలో తెల్లచార మన విమానం నుంచే వస్తుంది.