తెల్లబడిన సైటు, తగ్గని డెలివరీ ఛార్జీ: వూకామర్స్‌లో కోడ్ పెట్టాక వచ్చే తంటాలు

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆన్‌లైన్ కొట్టు నేను చూసుకుంటాను. వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైటు, అమ్మకాలు నడిపేది వూకామర్స్ అనే ప్లగిన్ (సైటుకి అదనంగా తగిలించే ప్రోగ్రాం). ఓ ఆదివారం పొద్దున్నే ఫోను: "బాబూ, సైటు తెల్లగా అయిపోనాది. నానేటీ ముట్టుకోనేదు." నిజమే, ఆయన ముట్టుకోలేదు. అల్లుడుగారు ముట్టుకున్నారు. హోస్టింగ్ ఫైల్ మేనేజర్ తెరిచి, ఎక్కడో దొరికిన నాలుగు లైన్ల కోడ్ తెచ్చి థీమ్ (సైటు రూపాన్ని నిర్ణయించే ఫైళ్లు) తాలూకు ఫంక్షన్స్ ఫైల్‌లో అతికించారు.

సమస్య: సైటంతా తెల్లతెర, లేదా తీవ్రమైన లోపం ఉందన్న ఒక్క వాక్యం

కారణం దాదాపు ఎప్పుడూ చివరగా పెట్టిన కోడే. సెమీకోలన్ ఒక్కటి పోయినా చాలు. వర్డ్ ఫైల్ మీదుగా వచ్చిన కోడ్‌లో తిన్నని కొటేషన్ గుర్తులు వంకర గుర్తులుగా మారిపోతాయి. మన కంటికి ఆనవు, ఆ కోడ్‌ని నడిపే పీహెచ్‌పీ మాత్రం ఊరుకోదు. ఇంకోటి, అదే పేరున్న ఫంక్షన్ ఏదో ప్లగిన్‌లో ముందే ఉండటం.

పరిష్కారం: 2019లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.2 నుంచి ఇలాంటప్పుడు అడ్మిన్ మెయిల్‌కి రికవరీ లింకు (తప్పున్నా లోపలికి వెళ్లనిచ్చేది) వస్తుంది. ముందు అది వెతకండి, స్పామ్‌లో కూడా. మా కేసులో అడ్మిన్ మెయిల్ సైటు కట్టిన కుర్రాడిది, అతనెప్పుడో ఉద్యోగం మారిపోయాడు. (మీది ఎవరి మెయిలో ఇప్పుడే చూసుకోండి.)

మెయిల్ లేకపోతే వర్డ్‌ప్రెస్ కాన్ఫిగ్ ఫైల్‌లో డీబగ్ (తప్పులు పట్టేది), డీబగ్ లాగ్ (వాటిని ఫైల్‌లో రాసేది) రెండూ ట్రూ చేసి, డిస్‌ప్లే మాత్రం ఫాల్స్‌లో ఉంచండి. పేజీ ఒకసారి రీలోడ్ చేస్తే డీబగ్ లాగ్‌లో ఫైలు పేరు, లైను నంబరు పడతాయి. మాకు 87వ లైను అని చూపించింది. అక్కడ తప్పేమీ లేదు. పై లైను, 86 చివర సెమీకోలన్ లేదు. పీహెచ్‌పీ తప్పును తర్వాతి లైనుకొచ్చాకే పసిగడుతుంది, కాబట్టి ఒక మెట్టు పైకి చూడండి.

తప్పు ప్లగిన్‌లో ఉంటే ఫైల్ మేనేజర్‌లో ఆ ఫోల్డర్ పేరు మార్చండి, ప్లగిన్ దానంతటదే ఆగిపోతుంది. కంగారులో వర్డ్‌ప్రెస్ ప్లగిన్ల పేజీలో డిలీట్ నొక్కొద్దు. కొన్ని ప్లగిన్లు పోతూపోతూ సెట్టింగులన్నీ తుడిచేసుకుపోతాయి.

సమస్య: థీమ్ అప్‌డేట్ చేశాక మార్పులన్నీ మాయం

అసలు థీమ్ ఫైళ్లలోనే రాశారు, అప్‌డేట్ వాటిని కొత్తవాటితో మార్చేసింది. చైల్డ్ థీమ్ (అసలు థీమ్ మీద మన మార్పులు విడిగా దాచుకునేది) పెట్టుకోండి. నా మటుకు నేను స్నిపెట్ ప్లగిన్ (కోడ్ ముక్కలు దాచుకునేది)లోనే పెడతాను, ఒక్కో ముక్కకీ ఒక్కో స్విచ్చి ఉంటుంది.

సమస్య: ఎర్రర్ లేదు, మార్పూ లేదు

చెకౌట్‌లో (చిరునామా ఇచ్చి డబ్బు కట్టే పేజీ) "ల్యాండ్‌మార్క్" గడి కోసం కోడ్ పెట్టారు, గడి రాలేదు. 2023లో వచ్చిన వూకామర్స్ 8.3 నుంచి కొత్త కొట్లకి చెకౌట్ బ్లాకుల రూపంలో వస్తోంది. పాత చెకౌట్ కోసం రాసిన కోడ్‌ని ఆ బ్లాకు పట్టించుకోదు. చెకౌట్ పేజీ ఎడిట్‌లోకి వెళ్లి బ్లాకు తీసి, పాత షార్ట్‌కోడ్ (చదరపు బ్రాకెట్లలో రాసే చిన్న గుర్తు) పెట్టండి. అప్పటికీ రాకపోతే కాష్ ప్లగిన్ (పేజీల కాపీలు దాచి త్వరగా చూపించేది) చూడండి: కార్ట్, చెకౌట్, మై అకౌంట్ పేజీల్ని కాష్ చేయకూడదు.

సమస్య: జిల్లాలో ఉచిత డెలివరీ పెట్టినా ఛార్జీ పడుతోంది

దీనికి మా వ్యాపారిచేత ఎవరో ఒక ప్లగిన్ కొనిపించారు. అవసరమే లేదు. షిప్పింగ్ జోన్‌లో (ఏ ప్రాంతానికి ఎంత ఛార్జీ అని పెట్టే చోటు) పిన్‌కోడ్ దగ్గర 532* అని, అంటే 532తో మొదలయ్యేవన్నీ అని, రాస్తే సరిపోతుంది. రాసే ఉంది, అయినా పక్కనున్న పలాసకే వంద రూపాయలు పడుతోంది. ఎందుకంటే వూకామర్స్ జోన్లని పైనుంచి చూసుకుంటూ వచ్చి, మొదట సరిపోయినదాన్నే పట్టుకుంటుంది. పైన "ఇండియా" జోన్ కూర్చుంది. 532 జోన్‌ని దానిపైకి లాగాను. పాత ధర ఇంకా కనిపిస్తే షిప్పింగ్ సెట్టింగుల్లో డీబగ్ మోడ్ ఆన్ చేసి చూడండి, దాచిపెట్టుకున్న రేట్లని పక్కనపెడుతుంది. పని కాగానే ఆపేయండి.

శ్రీకాకుళం పిన్ 532001 కొడితే సున్నా, 535తో మొదలయ్యే విజయనగరం పిన్ కొడితే వంద. సరే అనుకుంటే రాజాంకి కూడా సున్నా వచ్చింది. 2022లో జిల్లాల విభజనలో రాజాం విజయనగరంలోకి వెళ్లింది, పిన్‌కోడ్ మాత్రం 532తోనే ఉండిపోయింది. దానికి పైన వేరే జోన్ పెట్టి ఛార్జీ వెయ్యమంటారా అని ఫోన్ చేశాను.

"అది అల్లుడుగారి ఊరు. ఉండనీ బాబూ."